శాంతి చేయడానికి వెళ్ళేవాళ్ళకి ఆ పెద్దరికం ఎవరిచ్చారు?

ప్రశ్న: మర్రిపాలెం టీచర్

అందరికీ నమస్కారం. నేను మర్రిపాలెంలో ఉంటాను, హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈ ప్రశ్న మాత్రం పాఠంలోంచి వచ్చింది కాదు, మా ఇంట్లో పుట్టింది.

మా పిన్ని కొడుకు బీఎస్‌ఎఫ్‌లో ఉన్నాడు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో పనిచేయడానికి పేరిచ్చాడు. ఎక్కడికి పంపుతారో ఇంకా తేలలేదు, కాంగో కావచ్చంటున్నాడు. పోయిన ఆదివారం మా పెద్దమ్మని చూడ్డానికి అందరం బొబ్బిలి దగ్గర ఊరికి వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. వాడు చెప్పిందంతా విని ఒకటే అడిగింది. "ఆళ్ళు పిలిచినారేటి? పిలవని పేరంటానికి ఎల్తన్నావేటి గుంటడా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నాకైతే మా నాన్న గుర్తొచ్చారు.

నాన్న 1987 ఆగస్టులో భారత శాంతి సేనతో శ్రీలంక వెళ్ళారు. వవునియా వైపు ఉండేవారు. మొదట్లో ఒక ముసలావిడ వాళ్ళ బావి దగ్గర నీళ్ళు తోడి చెంబుతో ఇచ్చేదట. అక్టోబరులో ఎల్టీటీఈ టైగర్లతో మన సేనకి యుద్ధం మొదలైంది. ఆ తరవాత వీళ్ళు అటు వస్తున్నారని తెలిస్తే చాలు, ఆవిడ చేద, చేంతాడు విప్పి ఇంట్లో పెట్టేసుకునేదట. తిట్టేది కాదు, తలుపు వేసేది కాదు. చేంతాడు మాత్రం ఉండేది కాదు. యుద్ధం గురించి నాన్న ఇంట్లో ఎక్కువ మాట్లాడలేదు, కానీ ఈ ముక్క చాలాసార్లు చెప్పారు. మన సేన వెళ్ళింది ఆ జూలై 29న కొలంబోలో కుదిరిన ఒప్పందం వల్ల. దాని మీద సంతకాలు రాజీవ్ గాంధీవి, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనేవి. టైగర్లు సంతకం పెట్టలేదు. ఆ ముసలావిడనైతే ఎవరూ అడగనే లేదు. 1990 మార్చిలో మనవాళ్ళు చివరి ఓడ ఎక్కేసరికి సుమారు 1,200 మంది సైనికులు పోయారు.

అది ఐక్యరాజ్యసమితి పంపిన సేన కాదని తెలుసు. కానీ నా ప్రశ్న రెండింటికీ ఒకటే. సమితి శాంతి దళాలకి మూడు నియమాలున్నాయని పిల్లలకి నేనే చెబుతాను: గొడవ పడుతున్న పక్షాల సమ్మతి, ఎవరి వైపూ మొగ్గకపోవడం, ఆత్మరక్షణకో అప్పగించిన పని కాపాడుకోడానికో తప్ప బలం వాడకపోవడం. ఇందులో "పక్షాలు" అంటే ప్రభుత్వం, తుపాకులున్నవాళ్ళు. బావి దగ్గర ఉన్నవాళ్ళు పక్షం కాదా?

కాంగోలో సమితి 1999 నుంచీ ఉంది. 2022 జూలైలో గోమా, బుటెంబో ఊళ్ళలో జనం "మీరు మమ్మల్ని కాపాడలేదు, వెళ్ళిపోండి" అంటూ సమితి స్థావరాల మీద పడ్డారు. బుటెంబోలో మన బీఎస్‌ఎఫ్ జవాన్లు ఇద్దరు, మొరాకో దేశస్థుడొకరు చనిపోయారు. వాళ్ళు అక్కడికి చెడు చేయడానికి పోలేదు. ఆ జనమూ ఊరికే రోడ్డెక్కలేదు, ఏళ్ళ తరబడి ఊళ్ళు తగలబడుతుంటే చూసినవాళ్ళు. ఈ రెంటిలో ఏది తలుచుకున్నా నాకు నిద్ర పట్టడం లేదు.

మనూళ్ళలో గట్టు తగువు వస్తే ఇద్దరూ కలిసి ఒకాయన్ని పిలుస్తారు. ఆయనకి అధికారం ఉండదు, పోలీసు కాదు. అయినా మాట చెల్లుతుంది. ఒక పక్క తింటున్నాడని తెలిస్తే మరోసారి ఆ గడపకి ఎవరూ వెళ్ళరు. దీన్ని మనం పెద్దరికం అంటాం. పుస్తకాల్లో రాసే "చట్టబద్ధత" దీనికి సరిపోదు. చట్టం ఉండి పెద్దరికం లేకపోవచ్చు.

సమితికైనా ఇంకో అంతర్జాతీయ సంస్థకైనా ఆ పెద్దరికం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎప్పుడు పోతుంది? మా పెద్దమ్మకి ఏం చెప్పను?

జవాబు: సీతమ్మధార న్యాయవాది

మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ చట్టాన్ని అంత తేలిగ్గా తీసేయకండి.

సమితి చార్టర్‌లో 24వ అధికరణం ప్రపంచ శాంతి బాధ్యతని ప్రధానంగా భద్రతా మండలికి అప్పగించింది. ఇప్పుడు 193 దేశాలు ఆ చార్టర్‌కి కట్టుబడ్డాయి. ఆ మండలిలో అయిదు దేశాలకి తీర్మానాన్ని ఆపేసే వీటో ఉండడం అన్యాయమే, అది నేనూ ఒప్పుకుంటాను. అయినా చిన్న దేశాలు కూడా తమ గోడు చెప్పుకోడానికి ఇంకో అరుగు లేదు. సమ్మతి అన్నది ఉత్త కాగితం మాట అనుకోవద్దు. 2023 జూన్‌లో మాలి ప్రభుత్వం వెళ్ళిపొమ్మంది. పదేళ్ళుగా ఉన్న దళం ఆ ఏడాది డిసెంబరు 31కి మూటాముల్లె సర్దుకుంది.

ఇక జనం పిలిస్తేనే వెళ్ళాలంటే, పిలిచే పరిస్థితిలో లేని జనం సంగతేమిటి? 1994లో రువాండాలో సమితి సైనికులు దాదాపు 2,500 మంది ఉండేవారు. నరమేధం మొదలైన రెండు వారాలకి, ఏప్రిల్ 21న, భద్రతా మండలి ఆ సంఖ్యని 270కి తగ్గించమని తీర్మానం చేసింది. వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది దాకా పోయారు. అక్కడ తప్పు పిలవకుండా వెళ్ళడం కాదు, ఉన్నవాళ్ళు వెళ్ళిపోవడం. కొంప అంటుకున్నప్పుడు నీళ్ళు పట్టుకొచ్చినవాణ్ణి "నీకు పెద్దరికం ఎవరిచ్చారు" అని అడుగుతామా?

మర్రిపాలెం టీచర్

అడగం సార్. మంటలార్పేదాకా అడగం. కానీ ఆర్పినవాళ్ళే ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లోనే ఉంటే? ఎవరు ఏ గదిలో పడుకోవాలో చెబుతుంటే? నేను అడుగుతున్నది ఆ రెండో దశ గురించి. శాంతిని కాపాడ్డం ఒకటి, శాంతిని కట్టడం ఒకటి. ఎన్నికలు పెట్టడం, పోలీసులకి శిక్షణ ఇవ్వడం, రాజ్యాంగం రాయించడం, ఇవన్నీ రెండో దానిలోకి వస్తాయి. దీనికోసమే 2005 డిసెంబరులో సమితి విడిగా ఒక కమిషన్ కూడా పెట్టింది. ఇల్లు కట్టేటప్పుడైనా ఇంటివాళ్ళని అడగాలి కదా.

జవాబు: గాజువాక, రిటైర్డ్ సీమన్

అమ్మా, నేను చదువుకున్నవాణ్ణి కాదు. ముప్పై రెండేళ్ళు ఓడల మీద పనిచేశాను. చూసింది రాస్తాను.

2009లో కాకినాడలో బియ్యం ఎత్తుకుని లైబీరియా వెళ్ళాం. మన్రోవియా రేవు, ఫ్రీపోర్ట్ అంటారు. పద్నాలుగేళ్ళ యుద్ధం 2003లో ఆగింది. మేము వెళ్ళేసరికి ఊళ్ళో చాలాచోట్ల కరెంటు లేదు. ఎక్కడ చూసినా యూఎన్ అక్షరాల తెల్ల బళ్ళు. బియ్యం దించడానికి పన్నెండు రోజులు పట్టింది, వానలు. ఆ పన్నెండు రోజులూ రేవు కూలీల మేస్త్రీ ఒకాయన రోజూ మా గ్యాలీ (ఓడలో వంటగది) దగ్గరికి వచ్చి టీ తాగేవాడు.

నేను ఇండియావాణ్ణని తెలిసి ఆయన మొదట చెప్పింది మన సీఆర్పీఎఫ్ ఆడపిల్లల గురించి. నీలం టోపీలు పెట్టుకుని తుపాకులు పట్టుకుని రాత్రిపూట గస్తీ తిరిగేవాళ్ళు. సమితి చరిత్రలో మొత్తం ఆడవాళ్ళే ఉన్న మొదటి పోలీసు దళం అది, 2007లో వెళ్ళింది, 2016 దాకా ఉంది. ఆయన చెల్లెలు వాళ్ళని చూసి పోలీసులో చేరడానికి పేరిచ్చిందట. "మగ సైనికుల్ని చూస్తే మా ఇళ్ళలో ఆడవాళ్ళు తలుపులేసుకునేవాళ్ళు, వీళ్ళని చూసి బయటికొచ్చారు" అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. మన జెండా ముక్క భుజాన పెట్టుకున్న పిల్లలమ్మా వాళ్ళు.

రెండో రోజు ఇంకో మాట చెప్పాడు. యూఎన్ వాళ్ళొచ్చాక సముద్రం వైపు ఇళ్ళకి అద్దె అమెరికా డాలర్లలో అడుగుతున్నారు, మాకు జీతం లైబీరియా డాలర్లలో, ఇక మేమెక్కడ ఉండేది అని. ఆ రెండు మాటలూ ఒక్క మనిషే చెప్పాడు. అందులో ఏదీ అబద్ధం కాదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. "యుద్ధం ఆపింది యూఎన్ కాదు, మా ఆడవాళ్ళు" అన్నాడు. ఒట్టి మాట అనుకున్నాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి కంప్యూటర్‌లో చూపించింది. 2003లో తెల్ల చొక్కాలు వేసుకుని వేల మంది, ముస్లింలూ క్రైస్తవులూ కలిసి, చేపల మార్కెట్ దగ్గర మైదానంలో ఎండలో వానలో కూర్చున్నారు. ఘనాలో చర్చలు సాగుతుంటే అక్కడికీ వెళ్ళి, ఒప్పందం అయ్యేదాకా బయటికి రావద్దని హాలు గుమ్మాలకి అడ్డంగా బైఠాయించారు. వాళ్ళని నడిపించిన లేమా గ్బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సమితి దళం వచ్చింది ఆ ఒప్పందం అయ్యాక.

చేపల మార్కెట్ అనగానే నాకు మన ఫిషింగ్ హార్బరే కనబడింది. బుట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళే కదా అక్కడా. పునాది వాళ్ళు తవ్వుకున్నారు, అందుకే పైన గోడ నిలబడింది. 2018 మార్చిలో సమితి అక్కణ్ణుంచి మంచిగా వచ్చేసింది. మీ తమ్ముడు వెళ్ళే చోట అలాంటి ఆడవాళ్ళు ఎక్కడున్నారో ముందు కనుక్కోమనండి.

జవాబు: ప్రజారోగ్య శాఖ, విశ్రాంత ఉద్యోగిని

నేను కలరా, జిగట విరేచనాల కేసుల మీద ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఏజెన్సీలో గెడ్డ నీళ్ళు తాగి ఊరు ఊరంతా పడిపోతే ఎలా ఉంటుందో చూశాను. అందుకే హైతీ సంగతి చెప్పకుండా ఉండలేను.

2010 అక్టోబరులో హైతీలో కలరా మొదలైంది. అంతకుముందు వందేళ్ళలో ఆ దేశంలో కలరా నమోదు కాలేదు. సమితి శాంతి దళంలో నేపాల్ సైనికుల శిబిరం మిర్బలే అనే ఊరి దగ్గర ఒక వాగు ఒడ్డున ఉండేది. శిబిరం మురుగు ఆ వాగులోకి, వాగు ఆర్తిబొనీత్ నదిలోకి. ఆ నది నీళ్ళే జనం తాగేది. దాదాపు పదివేల మంది చనిపోయారు.

ఇది ఎవరి దగ్గరైనా జరగగల పొరపాటే. సెప్టిక్ ట్యాంకు పొంగడం మనకి కొత్త కాదు. నన్ను కాల్చేది తరవాత జరిగింది. సంవత్సరాల పాటు సమితి ఒప్పుకోలేదు. బాధితులు అమెరికా కోర్టుకి వెళ్తే, సమితి మీద దావా చెల్లదు, దానికి చట్టం రక్షణ ఉంది అని కొట్టేశారు. అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ జనరల్ అసెంబ్లీలో క్షమాపణ చెప్పింది 2016 డిసెంబరులో. ఆరేళ్ళు! 40 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు, అందులో చేతికొచ్చింది చిన్న ముక్క.

టీచర్ గారూ, పెద్దరికం ఎప్పుడు పోతుందని అడిగారు. ఇక్కడ పోయింది. శాంతి నేర్పడానికి వచ్చినవాడు, న్యాయస్థానాలు కట్టడానికి వచ్చినవాడు, తన వల్ల పిల్లలు పోతే "నన్ను ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు" అన్నాడు. అలాంటివాడు చట్టం గురించి చెబితే ఎవరు వింటారు? నా మటుకు నాకు, ఏ సంస్థయినా ఒక దేశంలో అడుగుపెట్టేముందు, మేము నష్టం చేస్తే మీరు ఫలానా చోట మమ్మల్ని నిలదీయవచ్చు అని ఆ ఊరి భాషలో రాసి గోడకి అంటించాలి. మన పీహెచ్‌సీ గోడ మీద ఉండదూ, అలా. సంతకాలూ తీర్మానాలూ ఆ తరవాత.

జవాబు: పెద్దజాలరిపేట

నాది చిన్న మాట. 2022 జనవరిలో మా పేటకీ వాసవానిపాలెం వాళ్ళకీ రింగు వలల మీద గొడవ. తీరానికి ఎంత దూరంలో వెయ్యాలన్నది తగువు. సముద్రంలో ఎదురుపడ్డారు, పడవలు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు. మంత్రులొచ్చారు, మీటింగులయ్యాయి. వాళ్ళు రావాల్సిందే, రాకపోతే ఇంకా ముదిరేది. కానీ సముద్రంలో మళ్ళీ పక్కపక్కనే వలలేసుకోవాల్సింది మేమే. వాళ్ళ పిల్లనిచ్చిన ఇళ్ళు మా పేటలో ఉన్నాయి, మావి అక్కడ. బయటివాడు గొడవ ఆపగలడు. మాట కలపడం మాత్రం ఆ పెళ్ళిళ్ళ వల్లే అయింది.

జవాబు: పాడేరు, రిటైర్డ్ మాస్టారు

అమ్మా, మీరు పెద్దరికం అన్నారు కాబట్టి మన దగ్గర జరిగిందే చెబుతాను. అందులో సమితి లేదు. అందుకే పోల్చి చూడ్డానికి పనికొస్తుంది.

1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు కొందరు ఐఏఎస్ అధికారుల్ని ఎత్తుకుపోయారు. వాళ్ళలో ఎస్.ఆర్. శంకరన్ గారు ఒకరు. వెట్టిచాకిరీ పోగొట్టడానికి జీవితం పెట్టిన మనిషి. పదేళ్ళ తరవాత, 1997లో, ఆయనే పౌర స్పందన వేదిక పెట్టి అటు ప్రభుత్వాన్నీ ఇటు నక్సలైట్లనీ మాటలకి కూర్చోమని తిరిగారు. తనని అపహరించినవాళ్ళతో మాట్లాడడానికి వెళ్ళారమ్మా. ఆయనకి ఏ తీర్మానమూ లేదు, వీటో లేదు, తెల్లబండి లేదు. ఇద్దరూ ఆయన మాట విన్నారు. 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదు మంజీరా అతిథి గృహంలో చర్చలు జరిగాయంటే దాని వెనక ఆ ఏడేళ్ళ తిరుగుడు ఉంది. ఆ కొద్ది నెలలు మా ఊళ్ళలో రాత్రి కుక్క మొరిగితే గుండె ఆగేది కాదు.

2005 జనవరికి అంతా విరిగిపోయింది. కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి తుపాకులు. దళాలు ఆయుధాలతో ఊళ్ళలోకి రాకూడదని ప్రభుత్వం, వదిలితే మమ్మల్ని బతకనివ్వరని వాళ్ళు. శంకరన్ గారికి పెద్దరికం ఉంది, కానీ తుపాకులకి కాపలా కాసే మనుషులు ఆయన దగ్గర లేరు.

సరిగ్గా ఇదే ముడి నేపాల్లో ఎలా విప్పారో చూడండి. 2006 ఆగస్టు 9న నేపాల్ ప్రభుత్వం, మావోయిస్టులు ఇద్దరూ విడివిడిగా, ఒకే మాటలతో సమితికి ఉత్తరాలు రాశారు, మా ఆయుధాల మీద కన్నేసి ఉంచండి అని. సమితి వచ్చి శిబిరాల్లో ఇనుప కంటెయినర్లు పెట్టింది. మావోయిస్టుల తుపాకులు అందులో. తాళం చెవి మావోయిస్టుల దగ్గరే! సమితి దగ్గర కెమెరా, అలారం. అటు ప్రభుత్వ సైన్యం కూడా అన్నే ఆయుధాలు పక్కన పెట్టింది. ఎవరి పరువూ పోలేదు. 19 వేల పైచిలుకు మందిని లెక్కతేల్చి శిబిరాల్లో నమోదు చేశారు.

అంతటి చోట కూడా నాలుగేళ్ళకి, ఒక పక్షానికి మొగ్గుతున్నారని నిందలొచ్చాయి. 2011 జనవరి 15న సమితి మూట సర్దుకునేనాటికి పోరాటకారులు ఇంకా శిబిరాల్లోనే ఉన్నారు. మిగతాది నేపాలీలే చూసుకున్నారు. చిన్న పని, ఇద్దరూ పిలిచి అప్పగించిన పని. అది చేసినంత కాలం సమితి మాట చెల్లింది. మన దగ్గర 2004లో అలాంటి ఒక కంటెయినర్, ఒక అలారం ఉండి ఉంటే అని నేను ఎన్ని రాత్రులు అనుకున్నానో. నా దగ్గర చదువుకున్న పిల్లలు రెండు వైపులా ఉండేవాళ్ళు.

మర్రిపాలెం టీచర్

మాస్టారూ, మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్ళీ రాయడానికి రెండ్రోజులు పట్టింది.

మీ అందరి మాటలూ చదివాక శ్రీలంక గురించి ఇంకొంచెం వెతికాను. నాన్న ఉన్న వైపే, ఇరవై ఏళ్ళ తరవాత. 2008 సెప్టెంబరులో ప్రభుత్వం భద్రతకి హామీ ఇవ్వలేమంటే, సమితి తన సిబ్బందిని టైగర్ల చేతిలో ఉన్న కిలినొచ్చి నుంచి వవునియాకి తరలించింది. ఆఫీసు గేటు ముందు జనం చేరి, వెళ్ళిపోవద్దని, మీరుంటేనే మాకు సాక్ష్యమని బతిమాలారు. తెల్లబళ్ళు వెళ్ళిపోయాయి. తరవాతి ఏడాది మే నెలలో యుద్ధం ముగిసేసరికి అక్కడ ఎంతమంది పోయారో ఇప్పటికీ లెక్క తేలలేదు. 2012లో సమితి సొంతంగా వేసుకున్న విచారణ బృందమే మేము విఫలమయ్యామని రాసింది.

న్యాయవాది గారూ, మీరు రువాండా అన్నప్పుడు నేను మీతో వాదించాను. ఇది చదివాక మీ వైపు కొంత వచ్చాను. కాంగోలో జనం పొమ్మన్నా ఉన్నారు, కిలినొచ్చిలో జనం ఉండమన్నా పోయారు. రెండు చోట్లా విన్నది ప్రభుత్వాల మాట. కాబట్టి నేను సమితి వద్దనడం లేదు. అడిగేవాళ్ళ వరసలో బావి దగ్గరివాళ్ళని కూడా నిలబెట్టమంటున్నాను.

నిన్న ఫోన్‌లో పెద్దమ్మకి నేపాల్ ఉత్తరాల సంగతి చెప్పాను. "రెండు పక్కలోళ్ళూ రాసినారా?" అని రెండుసార్లు అడిగింది. రాశారన్నాను. "అయితే ఎల్లొచ్చు" అంది. కాసేపాగి, "మరి మనోడు ఎల్లే కాడోళ్ళు రాసినారా?" అంది.

సీమన్ గారు చెప్పింది తమ్ముడికి చెప్పాను. రాసుకున్నాడు. ఫ్రెంచి, స్వాహిలి మాటలు నేర్చుకోడానికి ఫోన్‌లో ఏదో పెట్టుకున్నాడు. నీళ్ళకి ఏమంటారు, నమస్కారానికి ఏమంటారు అని రాత్రి వాళ్ళావిడకి అప్పజెబుతున్నాడట. నాన్న సంగతి వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే నీళ్ళ మాట ముందు నేర్చుకుంటున్నాడేమో, నేను అడగలేదు.

కాంగోలోనో దక్షిణ సూడాన్‌లోనో పనిచేసి వచ్చినవాళ్ళు మన వైపు చాలామందే ఉండాలి, శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో మరీను. చదివితే దయచేసి రాయండి. అక్కడి ఊళ్ళలో ముందుగా ఎవరితో మాట్లాడాలి, ఎవరి గుమ్మంలో కూర్చోవచ్చు, ఎక్కడ వద్దు. వాడికి ఇంకా నెలన్నర టైముంది.